ఫైల్లో రాసే ముందు ఒక్క బూట్‌కి పెట్టి చూడండి: కెర్నెల్ పారామీటర్లు పరీక్షించే పద్ధతి

తెనాలిలో నాకు ల్యాప్‌టాప్ రిపేరు షాపుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి సెకండ్‌హ్యాండ్ మెషీన్లు తెప్పించి, ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ వేసి, డెబియన్ గానీ ఉబుంటు గానీ ఎక్కించి చుట్టుపక్కల ఇంజినీరింగ్ పిల్లలకి ఇస్తుంటాను. కొత్తగా లినక్స్ ఎక్కించిన మెషీన్లో ఏదో ఒకటి తేడాగా ఉండటం మామూలే. ఒకదానికి మూత మూస్తే బ్యాటరీ దిగిపోతుంది, ఇంకోదానికి తెర వెలుతురు తగ్గదు, మరోటి ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు "గ్రబ్ ఫైల్లో ఈ లైను పెట్టెయ్, పోతుంది" అంటారు. గ్రబ్ అంటే మెషీన్ ఆన్ చెయ్యగానే లినక్స్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం, బూట్‌లోడర్ అంటారు. పెట్టేస్తారు. ఆర్నెల్ల తర్వాత అదే మెషీన్ నా బల్ల మీదికొస్తే ఆ లైన్లో ఏడెనిమిది పారామీటర్లు, అంటే కెర్నెల్‌కి ఇచ్చే సూచనలు, ఉంటాయి. కెర్నెల్ అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం. ఏది ఎందుకు పెట్టారో పెట్టినవాళ్లకే గుర్తుండదు. బ్యాటరీ మాత్రం క్లాసు అయిపోయేదాకా కూడా రాదు.

అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలకి ఒకటే చెబుతాను. ఏ పారామీటరైనా ముందు ఒక్క బూట్‌కి, అంటే మెషీన్ ఒక్కసారి ఆన్ చేసినంతవరకు మాత్రమే పెట్టండి. కెర్నెల్ దాన్ని నిజంగా తీసుకుందో లేదో చూడండి. తీసుకుందంటే సమస్య మారిందో లేదో కొలవండి. ఈ రెండూ అయ్యాకే ఫైల్లోకి ఎక్కించండి. చాలామంది ఆ రెండో మెట్టు దాటేస్తారు. పారామీటర్ పేరులో ఒక అక్షరం తప్పు పడి కెర్నెల్ దాన్ని పట్టించుకోకపోయినా, "పెట్టాను, పనిచేసింది" అనుకుంటూ తిరుగుతారు.

కమాండ్లు ఫోన్లో చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. చుక్క, స్లాష్, అండర్‌స్కోర్, ఈక్వల్స్ అని నేనన్నచోట ఆ గుర్తులు వెయ్యండి. ప్రత్యేకంగా చెబితే తప్ప అన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాలే.

ముందు ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టుకోండి

బూట్‌లోడర్ కెర్నెల్‌ని మెమరీలోకి ఎక్కించేటప్పుడు దాని చేతికి ఒక పొడవాటి లైను అందిస్తుంది. రూట్ డిస్క్ ఏది, మెసేజ్‌లు చూపించాలా వద్దా, ఫలానా పరికరంతో ఎలా మసలుకోవాలి, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. ఇవి బూట్ పారామీటర్లు. ఇవి కాక, సిస్టమ్ నడుస్తుండగానే మార్చుకోగలిగేవి సిస్‌సీటీఎల్ సెట్టింగులు. వాటి సంగతి తర్వాత చెబుతాను.

కొత్తగా ఎక్కించిన సిస్టమ్‌లో మనం ఇంకా వేలు పెట్టలేదు కాబట్టి, దాని ఇప్పటి తీరు తెలుసుకోవడానికి ఇదే మంచి సమయం. ముందుగా అప్‌డేట్లన్నీ వేసి ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి. తయారీదారు బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండి, ఆన్ చెయ్యగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ ఇచ్చి ఉంటే అది కూడా ఇప్పుడే వేసెయ్యండి. నిద్ర సమస్యలు, వెలుతురు సమస్యలు బయోస్‌తోనే పోయిన సందర్భాలు నా షాపులో బోలెడు. తర్వాత టెర్మినల్ తెరిచి ‘యూనేమ్ డ్యాష్ ఆర్’ కొట్టి కెర్నెల్ వెర్షన్ రాసుకోండి. ‘క్యాట్ స్లాష్ ప్రాక్ స్లాష్ సీఎండీలైన్’ కొడితే ఈ బూట్‌లో కెర్నెల్‌కి అందిన లైను మొత్తం కనిపిస్తుంది. ఉబుంటులో అయితే చివర ‘ఆర్ఓ క్వయిట్ స్ప్లాష్’ లాంటివి ఉంటాయి.

ఆ లైన్లో మీకు తెలియనిది ఏమైనా కనిపిస్తే, అది ఇన్‌స్టాల్ చేసినప్పటి మిగులు కావచ్చు. డెబియన్ ఇన్‌స్టాలర్ బూట్ లైన్లో మూడు డ్యాష్‌ల తర్వాత ఏమైనా రాస్తే, ఇన్‌స్టాలర్ దాన్ని కొత్త సిస్టమ్ గ్రబ్‌లోకి కాపీ చేస్తుంది. స్క్రీన్ రావడం కోసం అప్పుడు పెట్టినది ఇప్పుడు శాశ్వతంగా కూర్చుని ఉంటుంది.

చివరగా, కెర్నెల్ రాసే మెసేజ్‌లన్నీ చూపించే ‘సుడో డీమెసేజ్’ కొట్టి, అది ఇచ్చే మొత్తాన్ని ఒక ఫైల్లో దాచుకోండి. సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని. దాని తర్వాత టైప్ చేసేది డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే అయిదక్షరాలే. రేపు ఏదైనా మారితే పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

సమస్యను కూడా కొలిచే విధంగా రాయాలి. "నిద్రలో బ్యాటరీ తినేస్తోంది" అని రాస్తే రేపు దేనితో పోల్చుకుంటారు? "రాత్రి 11కి 82 శాతం, పొద్దున 7కి 54" అని రాస్తే పోల్చుకోవచ్చు. నా షాపులో ప్రతి మెషీన్‌కీ నోటుబుక్కులో ఒక పేజీ ఉంటుంది. తేదీ, కెర్నెల్ వెర్షన్, పెట్టిన పారామీటర్, కెర్నెల్ తీసుకుందా, ఏం మారింది, ఇవే గళ్లు. నాలుగో గడి ఖాళీగా ఉంటే అయిదో గడి నింపను.

ఒక్క బూట్‌కి పెట్టడం

మొదటిసారి చేస్తున్నవాళ్లు అసలు సమస్య జోలికి పోకుండా, హాని లేని పారామీటర్‌తో చెయ్యి తిప్పుకోండి. దీనికి నేను ఎప్పుడూ చెప్పేది ‘ఎన్ఆర్ అండర్‌స్కోర్ సీపీయూఎస్ ఈక్వల్స్ 1’. నాలుగు కోర్లున్నా ఒక్కదాన్నే వాడమని కెర్నెల్‌కి చెప్పడం అన్నమాట. ఫలితం వెంటనే కంటికి కనిపిస్తుంది.

మెషీన్ ఆన్ చెయ్యగానే గ్రబ్ మెనూ రావాలి. ఒక్క ఓఎస్సే ఉన్న ఉబుంటులో మెనూ దాక్కుని ఉంటుంది. పాత బయోస్ మెషీన్ అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి, యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్) అయితే ఎస్కేప్ ఒకసారి తట్టండి. కంగారులో ఎస్కేప్ టపటపా కొడితే మెనూ దాటి ‘గ్రబ్’ అని రాసి ఉన్న నల్ల తెర మీదికి పడతారు. టెన్షన్ పడక్కర్లేదు, ‘నార్మల్’ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఒకసారి ఎస్కేప్ తడితే మెనూ వస్తుంది.

మెనూలో పై లైను మీద ఉండి ‘ఈ’ అక్షరం నొక్కండి. ఒక చిన్న ఎడిటర్ తెరుచుకుంటుంది. బాణం గుర్తులతో కిందికి దిగుతూ ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే లైను దగ్గర ఆగండి. దాని కిందే ‘ఇనిట్ఆర్‌డీ’ లైను ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. లినక్స్ లైను పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఎడిటర్ తెర చివర వెనక్కి వాలిన గీత వేసి దాన్ని కింది వరుసలోకి మడుస్తుంది. అది చూపించడం కోసం వేసిన గీతే, లైన్లో భాగం కాదు. కంట్రోల్, ‘ఈ’ కలిపి నొక్కితే కర్సర్ లైను చివరికి వెళుతుంది. అక్కడ ఒక ఖాళీ వదిలి మీ పారామీటర్ టైప్ చెయ్యండి. ఖాళీ మరిచిపోతే ముందున్న మాటకి అతుక్కుపోయి రెండూ చెడతాయి. పనిలో పనిగా ‘క్వయిట్’, ‘స్ప్లాష్’ రెండూ చెరిపేయండి. బూట్ మధ్యలో ఆగిపోతే ఎక్కడ ఆగిందో తెర మీదే కనపడాలి. తర్వాత కంట్రోల్ ఎక్స్ గానీ, ఎఫ్10 గానీ నొక్కితే బూట్ అవుతుంది.

లోపలికెళ్లి ‘ఎన్‌ప్రాక్’ అని కొట్టండి. 1 అని వస్తే పనిచేసినట్టే. బ్రౌజర్ తెరిస్తే మెషీన్ ఎంత మూలుగుతుందో కూడా తెలుస్తుంది. మళ్లీ రీస్టార్ట్ చేస్తే కోర్లన్నీ తిరిగొస్తాయి. మీరు ఎడిటర్లో చేసిన మార్పు డిస్క్ మీద ఎక్కడా రాయలేదు కాబట్టి, ఎంత పిచ్చి పారామీటర్ పెట్టినా పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే బయటపడొచ్చు. ఈ ధైర్యం చేతికొచ్చాక అసలు సమస్య పట్టుకోండి. ఒక బూట్‌కి ఒకే పారామీటర్. రెండు కలిపి పెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇంకో మాట. ఇదే ఎడిటర్లో ‘ఇనిట్’ పారామీటర్ మార్చి పాస్‌వర్డ్ లేకుండా రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా దూరొచ్చు. కాలేజీ ల్యాబ్ మెషీన్లకి గ్రబ్ పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టండి.

కెర్నెల్ తీసుకుందా లేదా

బూట్ అయ్యాక మొదట ‘స్లాష్ ప్రాక్ స్లాష్ సీఎండీలైన్’ చూడండి. మీ పారామీటర్ అక్కడ ఉందంటే అది కెర్నెల్ దాకా చేరింది. చేరింది, అంతే. దానికి అర్థం తెలిసిందా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

ఈమధ్య కెర్నెళ్లు ఒక మేలు చేస్తున్నాయి. తమకు తెలియని పారామీటర్లు కనిపిస్తే, ఇవి నాకు తెలియవు, యూజర్ స్పేస్‌కి (కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రాములకి) పంపిస్తున్నాను అని డీమెసేజ్‌లో ఒక లైను రాస్తాయి. ‘అన్‌నోన్ కెర్నెల్ కమాండ్ లైన్’ అని వెతికితే దొరుకుతుంది. ఉబుంటులో ఆ లైన్లో ‘బూట్ అండర్‌స్కోర్ ఇమేజ్’, ‘స్ప్లాష్’ మామూలుగా ఉంటాయి, వాటిని వదిలెయ్యండి. మీరు పెట్టింది కూడా అక్కడ కనిపిస్తే మాత్రం స్పెల్లింగ్ తప్పు పడినట్టే.

అయితే ఆ లైన్లో కనిపించనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. పేరులో చుక్క ఉన్న పారామీటర్లు ఉంటాయి. చుక్కకి ముందుది మాడ్యూల్ (కెర్నెల్‌కి తగిలించుకునే డ్రైవర్ లాంటి ముక్క) పేరు, తర్వాతది ఆ మాడ్యూల్‌లోని సెట్టింగ్. ‘ఐ915 చుక్క ఎనేబుల్ అండర్‌స్కోర్ పీఎస్ఆర్ ఈక్వల్స్ 0’ అలాంటిది. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో తెర మినుకుమినుకుమంటుంటే పెట్టి చూసేది ఇదే. ఇలాంటివి ఆ మాడ్యూల్ ఎక్కేటప్పుడు గానీ ఎవరూ చదవరు. అందుకని కెర్నెల్ వీటిని తెలియని జాబితాలో వేయదు. చుక్క తర్వాత పేరు తప్పయితే, మాడ్యూల్ ఎక్కేటప్పుడు ‘అన్‌నోన్ పారామీటర్, ఇగ్నోర్డ్’ అని విడిగా ఒక లైను పడుతుంది. చుక్కకి ముందున్న మాడ్యూల్ పేరే తప్పయితే ఎక్కడా ఒక్క మాటా రాదు.

దీనికి గట్టి పరీక్ష ఉంది. ‘స్లాష్ సిస్ స్లాష్ మాడ్యూల్’ ఫోల్డర్లో మాడ్యూల్ పేరుతో ఒక ఫోల్డరు, అందులో ‘పారామీటర్స్’ అని ఇంకో ఫోల్డరు ఉంటాయి. అందులో మీరు పెట్టిన సెట్టింగ్ పేరుతోనే ఒక ఫైలు ఉంటుంది. దాన్ని సుడోతో చదివితే ఇప్పుడు అమల్లో ఉన్న విలువ కనిపిస్తుంది. మీరిచ్చిన విలువే అక్కడ ఉంటే ఇక అనుమానం లేదు. ఏ మాడ్యూల్‌కి ఏ సెట్టింగులున్నాయో ముందుగా తెలియాలంటే ‘మాడ్ఇన్ఫో డ్యాష్ పీ’ అని కొట్టి మాడ్యూల్ పేరివ్వండి, పేర్లన్నీ వరసగా చెబుతుంది. నేనైతే స్పెల్లింగ్ అక్కడినుంచే తీసుకుంటాను, ఇంకెవరి మాటా నమ్మను.

మూడో రకం తప్పు ఇంకా గుట్టుగా ఉంటుంది. పేరు సరైనదే, విలువ తప్పు. ‘మెమ్ అండర్‌స్కోర్ స్లీప్ అండర్‌స్కోర్ డిఫాల్ట్’ కి ‘డీప్’ అని ఇవ్వాల్సినచోట ఒక ‘ఈ’ అక్షరం తక్కువ కొట్టారనుకోండి. పేరు తెలిసిందే కాబట్టి కెర్నెల్ తెలియని జాబితాలో వేయదు. విలువ అర్థం కాలేదు కాబట్టి మాట్లాడకుండా పాత పద్ధతిలోనే నడుస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే ఆ పారామీటర్ మార్చాల్సిన అసలు చోటే చూడాలి. అదెలాగో నిద్ర సమస్యతో చూపిస్తాను, ఎందుకంటే నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది అదే.

మూత మూస్తే బ్యాటరీ దిగిపోతోంది

‘క్యాట్ స్లాష్ సిస్ స్లాష్ పవర్ స్లాష్ మెమ్ అండర్‌స్కోర్ స్లీప్’ కొట్టండి. ‘ఎస్2ఐడిల్’, ‘డీప్’ అని రెండు మాటలు రావచ్చు. వాటిలో ఒకదాని చుట్టూ చదరపు బ్రాకెట్లుంటాయి. బ్రాకెట్లో ఉన్నదే ఇప్పుడు వాడుతున్నది. ఎస్2ఐడిల్ అంటే మెషీన్ పూర్తిగా పడుకోకుండా కునుకు తీసే పద్ధతి, చాలా ల్యాప్‌టాప్‌లలో అది బ్యాటరీ ఎక్కువ తింటుంది. డీప్ అంటే ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు తీసేసే పాతకాలపు నిద్ర.

అక్కడ డీప్ అనే మాటే లేకపోతే ఇక పారామీటర్ వెతకడం ఆపండి. ఆ మెషీన్ ఫర్మ్‌వేర్‌లో, అంటే బయోస్‌లో, ఆ నిద్రే లేదు, కెర్నెల్‌కి ఎంత చెప్పినా తెచ్చివ్వలేదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇలా తీసేసినవి చాలా ఉన్నాయి. బయోస్ సెట్టింగుల్లో నిద్ర రకం మార్చుకునే వీలుందేమో చూడటం ఒక్కటే మిగిలిన దారి.

రెండు మాటలూ ఉండి, బ్రాకెట్ ఎస్2ఐడిల్ చుట్టూ ఉంటే, రీబూట్ కూడా అక్కర్లేకుండా పరీక్షించొచ్చు. తెరిచి ఉన్న ఫైళ్లన్నీ సేవ్ చేసుకోండి. ‘ఎకో డీప్’ అని రాసి, నిలువు గీత పెట్టి, ‘సుడో టీ’ కి అదే ఫైలు పేరివ్వండి. మళ్లీ క్యాట్‌తో చదివితే బ్రాకెట్ డీప్ చుట్టూ మారి ఉండాలి. ఇప్పుడు ‘సిస్టమ్‌సీటీఎల్ సస్పెండ్’ కొట్టి, ఒక నిమిషం ఆగి లేపండి. లేచిందా? వైఫై తిరిగొచ్చిందా? టచ్‌ప్యాడ్ కదులుతోందా? శబ్దం వస్తోందా? నాలుగూ చూడండి. మెషీన్ లేచినా వైఫై లేవని ల్యాప్‌టాప్‌లు నా దగ్గరికి తరచూ వస్తాయి. డీమెసేజ్‌లో ‘సస్పెండ్ ఎంట్రీ’ అనే లైను పక్కన బ్రాకెట్లో డీప్ అని ఉండాలి. పైన చెప్పిన గుట్టు తప్పు బయటపడేది ఇక్కడే. తప్పు విలువ ఇచ్చి ఉంటే అక్కడ ఎస్2ఐడిల్ అనే ఉంటుంది.

ఒకవేళ లేవకుండా నల్ల తెరతో ఉండిపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపెయ్యండి. మళ్లీ ఆన్ చేసేసరికి పాత సెట్టింగే ఉంటుంది. బాగా లేస్తే ఆ రాత్రి మూత మూసి వదిలెయ్యండి. పడుకోబెట్టే ముందూ, పొద్దున లేపగానే బ్యాటరీ శాతం రాసుకోండి. ‘స్లాష్ సిస్ స్లాష్ క్లాస్ స్లాష్ పవర్ అండర్‌స్కోర్ సప్లై’ లో బ్యాటరీ ఫోల్డరుంటుంది, కొన్నిట్లో బ్యాట్ 0, కొన్నిట్లో బ్యాట్ 1, ఇవి మాత్రం పెద్దక్షరాలు. అందులోని ‘కెపాసిటీ’ ఫైల్లో శాతం ఉంటుంది. ముందు రాసుకున్న అంకెతో పోల్చి, తేడా స్పష్టంగా ఉంటేనే బూట్ పారామీటర్ దాకా వెళ్లండి.

నిద్రే కాదు, దేనికైనా నేను వెళ్లే వరస ఇదే. నడుస్తున్న సిస్టమ్‌లోనే మార్చి చూసే వీలుంటే ముందు అది, తర్వాత ఒక్క బూట్, ఆ తర్వాతే ఫైలు.

అప్పుడప్పుడూ బిగుసుకుపోయే మెషీన్

పరీక్షించడం అన్నిటికంటే కష్టమైంది ఇది. ఇంటెల్ బే ట్రెయిల్ చిప్‌లున్న చిన్న ల్యాప్‌టాప్‌లు, సెలెరాన్ ఎన్2840 లాంటివి, లినక్స్‌లో ఇలా బిగుసుకుపోవడం చాలాకాలం నడిచింది. కెర్నెల్ లోపాల చిట్టా బగ్‌జిల్లాలో 109051 నంబరు బగ్ దీని గురించే. అప్పట్లో అందరూ చెప్పిన మందు ‘ఇంటెల్ అండర్‌స్కోర్ ఐడిల్ చుక్క మ్యాక్స్ అండర్‌స్కోర్ సీస్టేట్ ఈక్వల్స్ 1’. పని లేనప్పుడు ప్రాసెసర్‌ని లోతుగా పడుకోనివ్వదు. బిగుసుకుపోవడం తగ్గుతుంది, కానీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా బ్యాటరీ ఖర్చవుతుంది. అప్పటినుంచి కెర్నెల్లో చాలా మారింది కాబట్టి, ఇప్పటి కెర్నెల్ ఎక్కించిన మెషీన్‌కి ముందుగా ఏ పారామీటరూ లేకుండానే నడిపి చూడాలి.

మరి పెట్టాక ఎంతసేపు చూడాలి? సగటున రోజుకోసారి, ఒక పద్ధతంటూ లేకుండా బిగుసుకుపోయే మెషీన్ ఉందనుకోండి. పారామీటర్ ఏమీ చెయ్యకపోయినా, ఒక రోజంతా ఊరికే బాగా నడిచే అవకాశం దాదాపు 37 శాతం. మూడు రోజులు వరసగా బాగా నడిచే అవకాశం 5 శాతం. అంటే ఒక్కరోజు బాగుందని సంబరపడితే మూడింట ఒకసారికి పైగా మోసపోతాం. మామూలుగా ఎంత వ్యవధిలో బిగుసుకుంటుందో దానికి మూడింతలు, వీలైతే అయిదింతల సేపు నడపండి. ఆ తర్వాత పారామీటర్ తీసేసి మళ్లీ నడపండి. సమస్య తిరిగొస్తేనే అది నిజమైన మందు. తీసేసినా రాకపోతే మధ్యలో వచ్చిన ఏ అప్‌డేటో బాగుచేసి ఉంటుంది.

బిగుసుకున్నప్పుడు పవర్ బటన్ మీదికి వెంటనే వెళ్లకండి. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ రెండూ నొక్కి పట్టుకుని, నిదానంగా ఎస్, యూ, బీ కొట్టండి. రాయాల్సింది డిస్క్‌కి రాసి, డిస్క్‌ని చదవడానికి మాత్రమే అన్న స్థితికి మార్చి, రీబూట్ చేస్తుంది. ఉబుంటులో ‘కెర్నెల్ చుక్క సిస్‌ఆర్‌క్యూ’ విలువ 176, డెబియన్‌లో 438. రెండిట్లోనూ ఈ మూడు మీటలూ పనిచేస్తాయి. అప్పుడు ‘జర్నల్‌సీటీఎల్ డ్యాష్ కే డ్యాష్ బీ డ్యాష్ 1’ తో పోయిన బూట్‌లో కెర్నెల్ చివరిగా ఏమన్నదో చదవొచ్చు. ఈ మీటలకి కూడా పలక్కపోతే కెర్నెలే ఆగిపోయిందని అర్థం, అది కూడా నోటుబుక్కులో రాయాల్సిన సంగతే.

పేరు చూసి నమ్మకూడనివి

ఇన్‌స్టాల్ అవగానే నల్ల తెర వస్తే ‘నోమోడ్‌సెట్’ పెట్టి లోపలికి వెళ్లడం సరైనదే. కానీ అది డ్రైవర్‌ని పక్కనపెట్టి మామూలు తెరతో నెట్టుకురావడం. లోపలికెళ్లాక గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కించి, ఆ పారామీటర్ లేకుండా బూట్ చెయ్యండి. ఎప్పటికీ నోమోడ్‌సెట్‌తోనే నడుస్తూ "లినక్స్‌లో వీడియోలు సరిగా ఆడవు" అనేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

వైఫై, ఎస్‌ఎస్‌డీ లాంటివి మదర్‌బోర్డుకి తగిలే దారి పీసీఐఈ. ‘పీసీఐఈ బస్ ఎర్రర్, సివియారిటీ కరెక్టెడ్’ అని లాగ్ నిండా వరదలా వస్తుంటే ‘పీసీఐ ఈక్వల్స్ నోఏఈఆర్’ పెట్టమంటారు. అది ఫిర్యాదు వినపడకుండా చేస్తుంది, తప్పు జరగకుండా ఆపదు. ఇంకొకరు ‘పీసీఐఈ అండర్‌స్కోర్ ఏఎస్‌పీఎం ఈక్వల్స్ ఆఫ్’ అంటారు. ఏఎస్‌పీఎం అంటే పీసీఐఈ దారికి ఉన్న పవర్ పొదుపు. పేరు చూస్తే ఆ పొదుపుని ఆపేస్తుందనిపిస్తుంది. కెర్నెల్ డాక్యుమెంటేషన్ చదివితే తెలుస్తుంది, దాని అర్థం ‘కెర్నెల్ ఆ సెట్టింగుల్ని ముట్టుకోదు, బయోస్ పెట్టినవి అలాగే ఉంటాయి’ అని. బయోస్ ఆన్ చేసి ఉంటే ఆన్‌లోనే ఉంటుంది. నిజంగా ఆపి చూడాలంటే ‘స్లాష్ సిస్ స్లాష్ మాడ్యూల్ స్లాష్ పీసీఐఈ అండర్‌స్కోర్ ఏఎస్‌పీఎం స్లాష్ పారామీటర్స్ స్లాష్ పాలసీ’ ఫైల్లోకి ‘పర్ఫార్మెన్స్’ అని రాయండి. ఇది కూడా నడుస్తుండగానే చేసుకోవచ్చు. వరద ఆగితే బూట్‌కి ‘పీసీఐఈ అండర్‌స్కోర్ ఏఎస్‌పీఎం చుక్క పాలసీ ఈక్వల్స్ పర్ఫార్మెన్స్’ ఇవ్వండి. కొన్ని మెషీన్లలో బయోస్ ఆ అధికారం కెర్నెల్‌కి ఇవ్వదు, అప్పుడు ఆ ఫైల్లోకి రాయనివ్వదు.

స్పీడు కోసం ‘మిటిగేషన్స్ ఈక్వల్స్ ఆఫ్’ పెట్టమని అడిగే పిల్లలున్నారు. 2018 జనవరిలో బయటపడ్డ స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లాంటి లోపాలకి కెర్నెల్ పెట్టిన కాపలాని తీసెయ్యడం అది. అదే మెషీన్లో బ్రౌజర్ తెరిచి బ్యాంకు పని చూసుకునేవాళ్లకి నేను పెట్టను, పెట్టమన్నా పెట్టను.

సిస్‌సీటీఎల్ సెట్టింగులు

వీటికి బూట్ గొడవ లేదు. ‘సుడో సిస్‌సీటీఎల్ డ్యాష్ డబ్ల్యూ’ తో పెట్టింది రీబూట్ దాకానే ఉంటుంది, కాబట్టి పరీక్ష తేలిక. కానీ మార్చే ముందు ఇప్పుడున్న విలువ చదవండి. ఫైళ్ల మీద నిఘాకి సంబంధించిన ‘ఎఫ్ఎస్ చుక్క ఐనోటిఫై చుక్క మ్యాక్స్ అండర్‌స్కోర్ యూజర్ అండర్‌స్కోర్ వాచెస్’ పాత కెర్నెళ్లలో 8192 మాత్రమే ఉండేది. 5.11 కెర్నెల్ నుంచి ర్యామ్‌ని బట్టి తనంతట తానే పెరుగుతోంది. పాత సలహా పట్టుకుని ఒక అంకె రాస్తే, ఉన్నదాన్ని తగ్గించుకున్నవాళ్లవుతారు.

ర్యామ్ చాలనప్పుడు అందులోది దాచే చోటు స్వాప్. దాన్ని ఎంత ఎక్కువగా వాడాలో చెప్పే ‘వీఎం చుక్క స్వాపీనెస్’ మామూలు విలువ 60. దాన్ని 10 చెయ్యమని అందరూ అంటారు. స్వాప్ హార్డ్‌డిస్క్ మీద ఉంటే ఆ సలహాకి అర్థముంది. 4 జీబీ ర్యామ్‌తో, జెడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే కుదించి పెట్టే స్వాప్) పెట్టుకున్న మెషీన్‌కి అది తలకిందులు. స్వాప్ ర్యామ్‌లోనే ఉన్నప్పుడు విలువ 100 దాటించినా తప్పులేదు, 5.8 కెర్నెల్ నుంచి 200 దాకా ఒప్పుకుంటుంది. మీరు రోజూ తెరిచే ట్యాబులన్నీ తెరిచి, పక్కన ‘వీఎంస్టాట్ 1’ నడిపి ఎస్ఐ, ఎస్ఓ అనే రెండు నిలువు వరసలు చూడండి. ఒక విలువతో కాసేపు, ఇంకో విలువతో కాసేపు. ఏది తక్కువ కదిలిస్తే అదే మీది.

నచ్చింది శాశ్వతం చెయ్యాలంటే ‘స్లాష్ ఈటీసీ స్లాష్ సిస్‌సీటీఎల్ చుక్క డీ’ ఫోల్డర్లో 99తో మొదలై ‘చుక్క కాన్ఫ్’ తో ముగిసే ఫైలు పెట్టండి. డెబియన్ 13లో పాత ‘సిస్‌సీటీఎల్ చుక్క కాన్ఫ్’ ఫైలుని బూట్‌లో చదవడం మానేశారు. అందులో రాసి, పనిచెయ్యట్లేదని తల పట్టుకోవద్దు.

శాశ్వతం చేసేటప్పుడు

బూట్ పారామీటర్ అయితే ‘స్లాష్ ఈటీసీ స్లాష్ డిఫాల్ట్ స్లాష్ గ్రబ్’ ఫైల్లో రాయాలి. పెద్దక్షరాల్లో ‘గ్రబ్ అండర్‌స్కోర్ సీఎండీలైన్ అండర్‌స్కోర్ లినక్స్ అండర్‌స్కోర్ డిఫాల్ట్’ అనే లైను ఉంటుంది. కోట్స్ లోపల, ఖాళీ వదిలి చేర్చండి. చివర డిఫాల్ట్ లేని ఇంకో లైను కూడా ఉంటుంది, అందులో రాస్తే రికవరీ మోడ్‌కి కూడా అంటుకుంటుంది. రికవరీ ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి కాబట్టి నేను దాని జోలికి పోను. పై లైన్లో హ్యాష్ గుర్తు వేసి తేదీ, కెర్నెల్ వెర్షన్, ఏ సమస్యకి పెట్టారో రాయండి. తర్వాత ‘సుడో అప్‌డేట్ డ్యాష్ గ్రబ్’. ఫెడోరాలో ‘గ్రబ్బీ’ కమాండ్ వాడతారు. రీబూట్ చేసి సీఎండీలైన్ ఫైలు మళ్లీ చూడండి, ఈసారి ఎడిటర్‌తో పని లేకుండానే పారామీటర్ అక్కడ ఉండాలి.

దూరంగా ఉన్న సర్వర్ అయితే గ్రబ్ మెనూ ముందు కూర్చునే వీలుండదు. అక్కడ కొత్త పారామీటర్‌తో విడిగా ఒక మెనూ ఎంట్రీ తయారుచేసి, గ్రబ్ డిఫాల్ట్‌ని ‘సేవ్డ్’ గా పెట్టి, ‘గ్రబ్ డ్యాష్ రీబూట్’ తో తర్వాతి ఒక్క బూట్‌కి మాత్రం ఆ ఎంట్రీని ఎంచుకోవచ్చు. ఆ ఎంట్రీలో ‘ప్యానిక్ ఈక్వల్స్ 10’ కూడా చేర్చండి. కెర్నెల్ ప్యానిక్ అయితే, అంటే కోలుకోలేని తప్పు వచ్చి ఆగిపోతే, పది సెకన్లకి తనే రీబూట్ అయి పాత ఎంట్రీతో లేస్తుంది. ప్యానిక్ కాకుండా నెట్‌వర్క్ రాక ఊరికే కూర్చుంటే మాత్రం ఇది కాపాడదు, హోస్టింగ్‌వాళ్ల కన్సోల్ చేతిలో ఉంచుకుని మొదలెట్టండి. స్లాష్ బూట్ ఎల్‌వీఎం మీద గానీ, సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీద గానీ ఉంటే ఈ పద్ధతి వాడొద్దు. గ్రబ్ ఆ డిస్క్ మీద తిరిగి రాయలేదు కాబట్టి ‘ఒక్కసారికే’ అన్న గుర్తు చెరగదు.

కెర్నెల్ పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా ఇదే పనిని తిరగేసి చెయ్యండి. గ్రబ్ మెనూలో ‘ఈ’ అక్షరం నొక్కి, ఈసారి మీ పారామీటర్‌ని ఆ లైన్లోంచి చెరిపేసి బూట్ చెయ్యండి. అది లేకుండానే సమస్య రాకపోతే, ఫైల్లోంచి కూడా తీసేసి అప్‌డేట్ గ్రబ్ కొట్టండి. మా నోటుబుక్కులో ఇలా కొట్టేసిన గీతలు ఏటేటా పెరుగుతున్నాయి. ముఖ్యంగా వెలుతురు, తెర మినుకు గడుల్లో.